రెండో స్టేజీలోనే దించేసింది

పొద్దున వంటింట్లో నూనె కాగి ఆవాలు చిటపటమన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. చిత్రాన్నానికి తిరగమోత వేస్తుంటే ఒక ఆవగింజ ఎగిరి చెంప మీద చురుక్కుమంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పొయ్యి ముందు ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ తొంగి చూసి, రామలక్ష్మక్క గుర్తొచ్చిందా అని అడిగి వెళ్ళిపోయాడు. ఆవాలకూ ఆమెకూ ఉన్న సంబంధం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెను ఎన్నడూ చూడని మీకు మాత్రం మొదటినుంచీ చెప్పుకురావాలి.

రామలక్ష్మక్క బస్సు కండక్టరు. కర్నూలు నుంచి పత్తికొండకు పోయే బస్సులో ఇరవై ఏళ్ళకు పైగా టికెట్లు కొట్టిన మనిషి. పొట్టిగా, గట్టిగా, చీర మీద ఖాకీ కోటు వేసుకుని, ఎడమ భుజాన తోలు సంచి తగిలించుకుని బస్సెక్కితే అంత గుంపులోనూ ఆమెకు మాత్రం దారి దొరికేది. పుట్టిల్లు కడప జిల్లాలో మగ్గాల ఊరు, నేతగాళ్ళ కుటుంబం. భర్త ఓబులేసన్న ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడు తోలే లారీ డ్రైవరు. వారానికోసారి కల్లూరులోని ఇంటికి వచ్చేవాడు. ఒక్కతే కూతురు కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునేది.

నేను ఆ ఉద్యోగంలోకి వచ్చింది మా నాన్న చనిపోవడం వల్ల. ఆయన అదే డిపోలో డ్రైవరు. గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగం బదులు నాకు కండక్టరు పని ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని పిల్లను. నాకు గొంతు లేదు. ఉన్నా అది ఎవరికీ వినపడేది కాదు. పని నేర్చుకోమని నన్ను రామలక్ష్మక్క బస్సులోనే వేశారు. మొదటి వారంలోనే కోడుమూరు దాటాక ఒక ముసలావిడ దిగాలంది. నేను బస్సాపమని ‘హోల్డాన్’ అన్నాను. డ్రైవరు ఖాజా అన్నకు వినపడలేదు. మళ్ళీ అన్నాను. బస్సు ఆమె దిగాల్సిన చోటు దాటి చాలా దూరం పోయాక గాని ఆగలేదు. ముసలావిడ రెండు మూటలతో కిందికి దిగి నన్ను, నా ముందు తరాలను కలిపి తిట్టింది. రామలక్ష్మక్క నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు నిండా జనాన్ని అక్కడే నిలబెట్టి, ఒక మూట తన నెత్తిన పెట్టుకుని ఆ ముసలావిడను వెనక్కి దిగబెట్టి, చెమటలు కారుతూ తిరిగొచ్చింది.

సాయంత్రం డిపోకు చేరాక నన్ను ఆవరణలో ఆ చివర నిలబెట్టింది. ఈ చివర ఖాజా అన్నను ఇంజను ఆన్ చేసుకుని కూర్చోమంది. ఆయనకు వినపడేదాకా అరవమని నాకు చెప్పింది. అరిచాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటన్నట్టు తలాడించాడు. పదిసార్లు, ఇరవైసార్లు అరిచాను. షెడ్డులోంచి మెకానిక్కులు బయటికొచ్చి చూసి నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది. అక్క నా పక్కకొచ్చి, “నవ్వనీలే మే. వాళ్ళు నవ్వుతాండారంటే నీ గొంతు వాళ్ళదాకా పోయిందనే గదా,” అంది. ఆ తర్వాత అరిచిన అరుపుకు ఖాజా అన్న ఇంజను ఆపేశాడు.

మూడేళ్ళు గడిచాయి. నాకు వేరే బస్సు ఇచ్చినా, మా ఇద్దరి డ్యూటీలు ఎక్కువగా ఒకే వేళకు ముగిసేవి. ఒక వేసవిలో నాకొక చిన్న తేడా కనిపించింది. ఇన్నేళ్ళూ అక్క ఎడమ భుజాన వేలాడిన తోలు సంచి కుడి భుజానికి మారింది. అలవాటు లేని వైపు కావడంతో చెయ్యి తడబడుతోంది, చిల్లర జారిపోతోంది. ఏమైందని అడిగితే చెమటకాయలంది. రెండు వారాల తర్వాత అడిగినా అదే మాట. వానలు మొదలై ఎండ చల్లబడినా సంచి మాత్రం ఎడమ వైపుకు రాలేదు. ఒకరోజు డిపోలో ఆడవాళ్ళ గదిలో తలుపుకు గడియ పెట్టి, అబద్ధం చెప్పొద్దని గట్టిగా అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము పక్కన, చంక కిందికి పెట్టుకుంది. వేళ్ళకు రేగుగింజంత గట్టిది తగిలింది.

నొప్పేమీ లేదంది. నాలుగు నెలలైందంది. సంచి అక్కడ తగిలినప్పుడల్లా అది గుర్తొస్తోందని, గుర్తు రాకుండా ఉండాలనే భుజం మార్చానని చెప్పింది. అప్పుడే ఆమె మేనత్త సంగతి మొదటిసారి విన్నాను. ఆమెకూ ఇదే వచ్చిందట. సిగ్గుపడి కొంగు కింద దాచుకుందట. పుండై వాసన వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చివరికి మగ్గం గదిలో ఒక మూల చాప మీద ప్రాణం వదిలింది. “మా అత్తకు ఏమొచ్చిందో ఆ పేరు గూడా మా ఇంట్లో ఎవురూ నోటితో అనలేదు మే,” అంది అక్క. పోయిన మనిషిని అందరూ ‘ఆ యమ్మకు అదొచ్చింది’ అనే చెప్పుకున్నారట.

నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. “అక్కా, రేపు నువ్వు నాతో ఆసుపత్రికి రాకపోతే డిపో నడుమ నిలబడి అరుస్తా. అరిచేది నువ్వే గదా నేర్పినావు.” ఆమె నా వైపు తేరిపార చూసింది. తర్వాత కోటు సర్దుకుంటూ, నేర్పి తప్పు చేసినానే అని గొణిగింది. మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి వెళ్ళాం.

పరీక్షలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. రొమ్మును రెండు పలకల మధ్య అదిమిపెట్టి ఫొటో తీసినప్పుడు, ఇన్నేళ్ళ బస్సు రద్దీలో కూడా తనను ఇంతగా ఎవరూ నొక్కలేదని ఆ ఫొటో తీసే అమ్మాయికి చెప్పిందట. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక మళ్ళీ మొదటినుంచీ తీయాల్సి వచ్చింది. గడ్డలోంచి సూదితో ముక్క తీసి పంపారు. ఆ ఫలితం రావడానికి పట్టిన రోజులు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. అక్క మాత్రం ఒక్కరోజు కూడా డ్యూటీ మానలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాటలు పోగుచేసుకుంటూ, కాగితం మీదే చూపు నిలిపి చెప్పింది. అది క్యాన్సరేనని, రెండో స్టేజీలో ఉందని, ఎడమ రొమ్మంతా, చంకలో గడ్డలతో సహా తీసేయాలని, తర్వాత కొన్ని నెలలు మందు ఎక్కించాలని వివరించింది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. అప్పుడామె గొంతు సవరించుకుని, “అమ్మా, స్టేజీల సంగతి నాకు తెలుసు, నా బతుకంతా అవే. రెండో స్టేజీ అంటే బండి ఇంగా ఊరు దాటలేదని లెక్క. శానా దూరం పోయే టికెట్టు కొనుక్కోని ఎక్కింటాది అది. మనం ఈడనే దించేద్దాం,” అంది.

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది. నవ్వాలా వద్దా అన్నట్టు ఒక క్షణం చూసి, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ అనే మాట ఎవరూ అనలేదు. ఎప్పుడు దించుతున్నారనే అడిగేవాళ్ళు. మూడు వారాల తర్వాతికి రోజు ఖాయం చేశారు.

ఆమెకు భయం లేదని మాత్రం అనుకోకండి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నా బస్సు, ఆమె బస్సు పత్తికొండ స్టాండులో పక్కపక్కనే ఆగాయి. ఎండ. మార్కెట్టు వైపు నుంచి మగ్గిన టమాటాల వాసన. ఖాజా అన్న నీడలో అన్నం తింటున్నాడు. అక్క తన ఖాళీ బస్సులో చివరి సీట్లో కూర్చుని ఉంది. నేనెక్కి పక్కన కూర్చోగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరమ్మ ముందు ఆ మాట అన్నది ధైర్యంతో కాదని చెప్పింది. ఓబులేసన్న లోడుతో వెళ్ళి ఉన్నాడు, ఆయనకింకా చెప్పలేదు. “సావంటే భయం గాదు మే. రేపు మా ఆయన నన్ను చూసి మొగం తిప్పుకుంటే ఏం చేయల్ల? ఈ చెయ్యి పైకి లేయకపోతే నేను యాడి కండక్టర్ని?” అంది. బస్సు బయలుదేరే వేళయ్యేదాకా అలాగే కూర్చున్నాం. తర్వాత అక్క మొహం కడుక్కుని ఈల వేసింది.

ఓబులేసన్న శనివారం వచ్చాడు. ఆ రోజు ఏం జరిగిందో అక్కే నాకు తర్వాత చెప్పింది. విషయమంతా విని ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా బయటికి పోయాడట. బకెట్టు తీసుకుని వీధిలో ఉన్న లారీని గంటసేపు కడిగాడట. ఈమె లోపల కూర్చుని ఆ నీళ్ళ చప్పుడు వింటూ, అయిపోయింది, ఇంక ఈ మనిషి మాట్లాడడు అనుకుందట. ఆయన తడిసిన లుంగీతో లోపలికొచ్చి గడప మీద కూర్చుని, “నా బండికి ఒక లైటు పోతే బండి అమ్ముకున్నానా? ఒక్క లైటుతోనే ఎర్రగుంట్లకు పోయి రాలేదా?” అన్నాడట. ఈమె ఊరుకుంటుందా? ఒక్క లైటుతో వస్తే ఎదురొచ్చేవాడు మోటారు సైకిలనుకుంటాడు, జాగ్రత్త అందట. మొగుడూ పెళ్ళాం ఆ గడప దగ్గర కూర్చుని నవ్వి నవ్వి, తర్వాత ఏడ్చారట.

ఆపరేషన్‌కు సిద్ధం కావడమంటే పరీక్షలు, కాగితాలే అనుకునేదాన్ని. అక్క సిద్ధమైన తీరు వేరు. మొదట సెలవు చీటీ. ఆమె చీటీలో ‘రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ కోసం’ అని రాసింది. ఆఫీసులో గుమాస్తా అది చదివి ఇబ్బందిగా కదిలి, ‘అనారోగ్యం’ అని రాస్తే సరిపోతుంది కదమ్మా అన్నాడు. మంచి మనిషే, ఆమె పరువు కాపాడాలనే అన్నాడు. అక్క కలం అందుకోలేదు. “ఏమప్పా, నువ్వూ నేనూ దాని పాలు తాగే ఇంతవాళ్ళమైతిమి. తాగేతప్పుడు లేని సిగ్గు రాసేతప్పుడు యాడిదప్పా?” అంది. గదిలో ఉన్న నలుగురు మగవాళ్ళూ తలలు దించుకున్నారు. గుమాస్తా ముద్ర వేశాడు. బయటికొచ్చాక, మేనత్త కోసమే అలా రాశానని మెల్లగా చెప్పింది.

తర్వాత వాళ్ళమ్మ సుబ్బమ్మవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మగ్గం దగ్గర కూర్చుని కూర్చుని నడుము వంగిపోయింది. కడప నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. మూటలో మెత్తబడిన పాత నూలు చీరలు, వాటి కింద సంచిడు ఆవాలు. పసిబిడ్డల తల గుండ్రంగా రావడానికి మన ఇళ్ళలో ఆవాల దిండు కుట్టడం తెలిసిందే. అవ్వ అదే ఆలోచన చేసింది. ఒక వైపు బరువు పోతే మనిషి ఒరిగి నడుస్తుందని, భుజం పట్టేస్తుందని ఎవరో చెప్పారట. పుండు మానాక రవిక లోపల పెట్టుకోవడానికి నూలుగుడ్డలో ఆవాలు పోసి కుడతానంది. ఎన్ని ఆవాలు పోయాలో తెలియాలి కదా. అవ్వ నా ఎదుటే కూతురి రొమ్మును అరచేతిలో పెట్టి, సంతలో వంకాయ చూసినట్టు ఎత్తి చూసి, అరసేరు ఉంటాదని తేల్చింది. అక్క సిగ్గుతో గోడవైపు తిరిగిపోయింది. నాకు నవ్వాగలేదు.

మొదట కుట్టింది గుండ్రంగా కుదరలేదు. కొలత చూడటానికని అక్క రవికలో పెట్టుకుని రెండడుగులు వేస్తే అది జారి బొడ్డు దగ్గరికొచ్చింది. రెండోది కుట్టు వదిలి ఆవాలు జలజల నేలంతా పోయాయి. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకుంటుంటే అక్క అంది, “ఇంగ మేలే మే. బస్సులో ఎవురన్నా చిత్రాన్నం చేస్తాండాం, ఆవాలు తక్కువైనాయంటే లోపల చెయ్యి పెట్టి ఇచ్చేస్తా.” అవ్వ నేల మీదే కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళు నిండాయి. మీ అత్తకు నేనేమీ చేయలేకపోతి, ఆమె చెప్పలేదు, నేను అడగలేదు అంది. అక్క లేచి వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. మూడో దిండు సరిగ్గా కుదిరింది.

ఆపరేషన్ తర్వాత చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళతో పైకి పాకించాలని నర్సు ముందే నేర్పింది. ఇప్పుడు చెయ్యి ఎంత ఎత్తు పోతుందో గుర్తు పెట్టుకోమంది. ఓబులేసన్న సుద్దముక్క తెచ్చి, అక్క వేళ్ళు అందిన చోట గీత గీసి పక్కన ‘పత్తికొండ’ అని రాశాడు. నడుము దగ్గర ‘కల్లూరు’, దాని పైన ‘కోడుమూరు’, ఆ పైన ‘దేవనకొండ’. నాలుగు గీతలు. చదువు తక్కువ మనిషి కావడంతో ‘దేవనకొండ’లో ఒక అక్షరం ఎగిరిపోయింది. అక్క దాన్ని దిద్దనివ్వలేదు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆమె చివరి డ్యూటీ. ఆ రోజు నాకు సెలవు, కావాలనే ఆమె బస్సెక్కాను. పొద్దుటి బస్సులో రోజూ బుట్టలతో కర్నూలు పోయి టమాటాలు అమ్ముకునే ఆడవాళ్ళకు సంగతి అప్పటికే తెలుసు, ఆమే చెప్పింది. ఒకామె పసుపు దారం కట్టింది. ఇంకొకామె ఏదో ఆకు పసరు కడితే గడ్డ కరిగిపోతుందని, కోత వద్దని నచ్చజెప్పబోయింది. అక్క చాలా మర్యాదగా, ఆ పసరు నీ కోడి కాలికి కట్టు పిన్నీ, నాకు డాక్టరమ్మ ఉండాది అంది. వెనక సీటులో కూర్చున్న ఒక పెద్దామె మాత్రం గొంతు బాగా తగ్గించి, అది ఉందని నీకు ఎట్లా తెలిసిందని అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మాటలాపి వినసాగారు.

అక్క టికెట్లు ఆపేసింది. ముందున్న మగవాళ్ళను రోడ్డు చూసుకుంటూ కూర్చోమని గట్టిగా చెప్పింది. ఖాజా అన్న చెయ్యి చాచి తన ముందున్న అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. ఆమె ఒక బుట్టలోంచి పండు టమాటా తీసుకుని, వేళ్ళను చదునుగా పెట్టి, గుండ్రంగా తడుముతూ చూపించింది. మెత్తటి పండులో ఒకచోట పచ్చి ముక్క గట్టిగా తగిలితే మీకు తెలవదా, ఇదీ అంతే, నెలకొకసారి చూసుకోండి, నా మాదిరి నాలుగు నెలలు దాచుకోవద్దండి అని చెప్పింది. నిత్యం వేలకొద్దీ పండ్లు తడిమే ఆడవాళ్ళు వాళ్ళు. ఒక్క మాటతో అర్థమైంది. కర్నూలు వచ్చేదాకా ఆ టమాటా చేతులు మారుతూనే ఉంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రికి చేరాం. పచ్చటి గౌను వేసి పడుకోబెట్టారు. కూతురు కాళ్ళ దగ్గర, అవ్వ తల దగ్గర. ఓబులేసన్న గోడకానుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. లారీ కడుగుతూ దాచుకున్న దుఃఖం ఆయనకు ఆ పొద్దున మళ్ళీ పొంగింది. అక్కే ఆయన్ను పిలిచి కళ్ళు తుడిచింది. డ్యూటీకి పోతూ ఖాజా అన్న ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. దర్గాలో దువా చేయించుకొచ్చినా అని చెప్పి, మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్ట్రెచరు తోసే మనిషి వచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు ఖాజా అన్న ఒక అడుగు ముందుకేశాడు.

“ఇన్నేండ్లు నువ్వు చెప్తే నేను పోయినా రామలక్ష్మమ్మా. ఈపొద్దు నేను చెప్తాండా. రైట్, రైట్.”

స్ట్రెచరు కదిలింది. తలుపు మూసుకునే ముందు ఆమె చెయ్యి ఒకటి పైకి లేచి ఊగింది.

మూడు గంటలు పట్టింది. మత్తు వదులుతున్నప్పుడు ఒక్కరినే లోపలికి రమ్మంటే, కూతురు భయపడి నన్ను వెళ్ళమంది. అక్క ఎడమ వైపంతా కట్టు, పక్కన సన్నటి గొట్టం. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి, నన్ను పోల్చుకుని, “దిగిందా మే?” అని అడిగింది. దిగిందక్కా, డాక్టరమ్మ దగ్గరుండి దించింది అన్నాను. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తర్వాతి నెలలు తేలికగా గడవలేదు. మందు ఎక్కించిన వారం అన్నం వాసనే పడేది కాదు. జుట్టు రాలుతుందని ముందే చెప్పారు కాబట్టి, రాలిపోయేదేదో దేవుడికిస్తే మొక్కయినా తీరుతుందని తిరుపతి పోయి గుండు చేయించుకొచ్చింది. వీధిలో ఎవరూ ఏమీ అడగలేదు, లడ్డు మాత్రం అడిగారు. గోడ మీద వేళ్ళు మొదటి వారాల్లో కల్లూరు దాటలేదు. కోడుమూరు చేరడానికి నెల పట్టింది. దేవనకొండ దగ్గర బండి చెడిపోయినట్టు ఆగిపోయింది. ఒక్కో అంగుళానికి ఆమె పళ్ళు బిగించి కన్నీళ్ళు కార్చుకోవడం నేను చూశాను. ఒక సాయంత్రం నేను డ్యూటీలో ఉండగా ఫోను మోగింది. అవతల అక్క గొంతు, వెనక ఓబులేసన్న కేకలు. “మే, పత్తికొండ వచ్చేసింది. అందురూ దిగల్ల,” అంది. నేను నా బస్సులో అందరి ముందూ గట్టిగా నవ్వేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలు డిపోలో కుర్చీ పని చేసింది. అదే శాశ్వతంగా ఉంచుకోమన్నారు, ఆమె ఒప్పుకోలేదు. ఏడాదికి మళ్ళీ పత్తికొండ బస్సెక్కింది. ఆ పొద్దున ఖాజా అన్న బస్సును కడిగించి పెట్టాడు. టమాటాల ఆడవాళ్ళు మామూలుగానే చోటు కోసం కొట్లాడుకుంటున్నారు. ఆమె కుడి చేత్తో టికెట్టు మిషను పట్టుకుని, ఎడమ చెయ్యి పైకెత్తి కడ్డీ అందుకుంది. బస్సు కుదుపుకు ఊగింది గాని చెయ్యి వదల్లేదు. ఆపరేషన్ జరిగి ఇప్పటికి ఆరేళ్ళు. ఏటా పరీక్షకు పోయి, ఏమీ లేదనిపించుకుని వస్తోంది. ఇప్పుడు కొత్తగా చేరే ఆడపిల్లలకు పని నేర్పేది ఆమే. సాయంత్రాలు డిపో ఆవరణలో అరుపులు వినపడుతుంటాయి.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది టికెట్టు కొట్టడమే అని చాలాకాలం అనుకున్నాను. పోయిన నెల నా బస్సులో రోజూ వచ్చే ఒకామె దిగేటప్పుడు నా చెవి దగ్గర, ఈడ ఏదో గడ్డ మాదిరి ఉండాదమ్మా అని గొణిగింది. నేను రొమ్ములోనా అని మామూలు గొంతుతోనే అడిగాను. ఆమె అదిరిపడి చుట్టూ చూసి తలూపింది. మర్నాడు ఆమెను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్షల గది బయట బల్లల మీద ఇరవై మంది ఆడవాళ్ళు, ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. నాతో వచ్చినామె కొంగు చివరను ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆమె కోసమని నేను ఆవాలు నేలపాలైన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఎదుటి బల్ల మీద ఒకామె ముందుకు వంగింది. ఇంకొకామె ఇంకాస్త గట్టిగా చెప్పమంది. ఓబులేసన్న లారీ లైటు దగ్గరికి వచ్చేసరికి వరండా అంతా నవ్వులతో మోగిపోతోంది.

తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. ఇది ఆసుపత్రి అనుకున్నారా, ఎవరు ఇక్కడ గొంతు పెంచి మాట్లాడుతున్నదని కోపంగా అడిగింది.

నేనే అని చెయ్యెత్తాను.